పేరు తలుపు తీస్తుంది... కుర్చీ మాత్రం మనమే సంపాదించుకోవాలి!

ఓ చిన్న లెక్కతో మొదలుపెడదాం. 1, 4.5, 7.5, 5. ఒక కుర్రాడు ఉద్యోగంలో చేరాక మొదటి నాలుగేళ్లలో తెచ్చుకున్న స్కోర్లివి. అన్నీ కలిపితే 18. ఏ మేనేజరైనా అప్రైజల్‌లో ‘పర్లేదు’ అని రాసి పక్కన పెట్టేసే అంకెలు. అదే మనిషి తొమ్మిదో ఏడాదిలో, ఒక్క సీజన్‌లోనే 22.5 కొట్టాడు. నాలుగేళ్ల మొత్తం కంటే ఎక్కువ. తన లీగ్ అధికారిక రికార్డుల్లో అప్పటిదాకా ఎవరూ అందుకోని అంకె అది.

అతని పేరు మైకేల్ స్ట్రేహన్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పదిహేను సీజన్లు డిఫెన్స్ ఆడాడు. అయితే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ రికార్డు గురించి కాదు. ఆ తర్వాత జరిగినదాని గురించి. 36 ఏళ్ల వయసులో ఆట వదిలేసి, తనకు ఏమాత్రం అనుభవం లేని ఇంకో ఉద్యోగంలో మళ్లీ ఫ్రెషర్‌గా చేరాడు. అదే కెమెరా ముందు కూర్చుని మాట్లాడే ఉద్యోగం. ఇవాళ అమెరికాలో చాలామందికి అతను పొద్దున్నే టీవీలో కనిపించే యాంకర్‌గానే తెలుసు. ఒకప్పుడు ఆటగాడన్న సంగతి వాళ్లకు రెండో విషయం.

‘చదివింది ఒకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటి’ అని బెంగ పడుతున్నారా? ‘నా బ్రాంచ్ వల్ల నా లైఫ్ ఇంతే’ అనుకుంటున్నారా? అయితే ఈ కథ మీకోసమే.

ముందు ఆ ఆటేంటో చూద్దాం

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుని పరిగెడతారు. ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలు వస్తాయి. లేదంటే బంతి చేజారిపోతుంది.

బంతి ఉన్న జట్టుకు బుర్ర లాంటివాడు క్వార్టర్‌బ్యాక్. బంతి ఎవరికి విసరాలో అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ రెండు మూడు సెకన్లు కూడా అతనికి దక్కకుండా చేయడమే అవతలి జట్టు పని. ఆ వరుసలో చివర నిలబడేవాడే డిఫెన్సివ్ ఎండ్. అతనికి ఎదురుగా 130 కిలోలు దాటిన ఓ భారీకాయుడు అడ్డుగోడలా ఉంటాడు. అతన్ని దాటి, బంతి విసిరేలోపు క్వార్టర్‌బ్యాక్‌ను పట్టి కింద పడేయాలి. దాన్నే ‘శాక్’ అంటారు. ఇద్దరు కలిసి పడేస్తే చెరో సగం. పైన చెప్పిన స్కోర్లలో అరలు అలా వచ్చినవే.

స్ట్రేహన్ చేసింది ఈ పనే. మొత్తం 216 మ్యాచ్‌లు, 141.5 శాక్‌లు, పదిహేను సీజన్లూ ఒకే జట్టు. న్యూయార్క్ జెయింట్స్.

ఒకే ఒక్క సీజన్ అనుభవం

స్ట్రేహన్ 1971లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. నాన్న జీన్ స్ట్రేహన్ సైన్యంలో పనిచేసేవారు. మైకేల్‌కి తొమ్మిదేళ్లప్పుడు కుటుంబం జర్మనీలోని మాన్‌హైమ్‌కి మారింది. అంటే, అమెరికన్ ఫుట్‌బాల్ ఊపిరిగా బతికే టెక్సస్ నుంచి ఆ ఆట అంతగా ఎవరికీ పట్టని దేశానికి వెళ్లిపోయాడన్నమాట.

చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడు. అన్నలు ఏడిపించేవాళ్లు. అది భరించలేక పదమూడేళ్ల వయసులో ఇంట్లోనే వ్యాయామం మొదలుపెట్టాడు. జిమ్ లేదు, కోచ్ లేడు. హాలీవుడ్ నటి జేన్ ఫోండా ఎక్సర్‌సైజ్ వీడియో టేపు పెట్టుకుని చేసేవాడినని అతనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఇంటర్ వయసు వచ్చాక, స్కూలు ఆఖరి ఏడాదికి నాన్న అతన్ని హ్యూస్టన్‌లో ఉన్న బాబాయి ఆర్ట్ దగ్గరికి పంపారు. ఆయన కూడా ఒకప్పటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడే. వెస్ట్‌బరీ హైస్కూల్ తరఫున మైకేల్ ఆడింది ఒక్క సీజనే. అదే అతన్ని టెక్సస్ సదరన్ యూనివర్సిటీకి స్కాలర్‌షిప్‌తో చేర్చింది. ఫుట్‌బాల్‌లో దేశమంతా పేరు మోగే కాలేజీ కాదది. మన భాషలో చెప్పాలంటే టాప్ టెన్ లిస్టులో లేని కాలేజీ. అక్కడ 41.5 శాక్‌లతో కాలేజీ రికార్డు పెట్టాడు. 1993 డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో, మొత్తం మీద 40వ వాడిగా జెయింట్స్ తీసుకుంది.

డ్రాఫ్ట్ అంటే మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిదే అనుకోండి. కాకపోతే అక్కడ కంపెనీలే వంతులవారీగా ఎంచుకుంటాయి. ‘నాకు ఆ కంపెనీ కావాలి’ అనే ఛాయిస్ ఆటగాడికి ఉండదు.

మొదటి ఏడాదే కాలికి గాయమైంది. ఆడింది తొమ్మిది మ్యాచ్‌లు, దక్కింది ఒక్క శాక్. అదే డ్రెస్సింగ్ రూమ్‌లో, అదే ఏడాది, లారెన్స్ టేలర్ అనే మహా డిఫెండర్ తన ఆఖరి సీజన్ ఆడుతున్నాడు. ఒకపక్క ఆ స్థాయి మనిషి, ఇంకోపక్క ఒక్క శాక్‌తో కొత్త కుర్రాడు. ఆ తర్వాతి మూడేళ్లు కూడా అంతంతమాత్రమే. ఐదో ఏడాది, 1997లో ఒక్కసారిగా 14కి వెళ్లాడు. అక్కడి నుంచి ఏడుసార్లు లీగ్ ఆల్ స్టార్ మ్యాచ్ అయిన ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. 2001 సీజన్‌కి లీగ్ మొత్తంలో ఉత్తమ డిఫెండర్ అవార్డు కూడా అతనిదే.

చేరిన ఆరు నెలలకే ‘నాకేం రావట్లేదు, ఫీల్డ్ మార్చేస్తా’ అని మెసేజ్ పెట్టే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చూపించేది ఈ నాలుగేళ్లనే.

రెజ్యూమెలో ఆ ఒక్క లైను

2001 రికార్డు వెనక ఓ గొడవ ఉంది. దాన్ని దాచిపెట్టి ‘అద్భుతం’ అని రాయడం నాకిష్టం లేదు. అంతకుముందు రికార్డు మార్క్ గాస్టినోది, 1984లో 22. సీజన్ చివరి మ్యాచ్ గ్రీన్ బే ప్యాకర్స్‌తో. ఆట దాదాపు ముగింపుకొచ్చిన సమయంలో ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ పెద్దగా ప్రతిఘటించకుండానే స్ట్రేహన్ ముందు కిందికి జారిపోయాడు. స్ట్రేహన్ మీద పడ్డాడు. శాక్ లెక్కకెక్కింది. రికార్డు వచ్చింది. ‘ఫార్వ్ కావాలనే ఇచ్చాడు’ అన్న మాట కూడా ఆ రోజు నుంచే మొదలైంది. ఆ తర్వాత 2021లో టి.జె. వాట్ అనే ఆటగాడు ఆ 22.5ని సమం చేసినప్పుడు కూడా ఆ పాత వీడియో మళ్లీ బయటికొచ్చింది.

రూల్ ప్రకారం అది శాక్ అవునా కాదా అంటే అవును. కానీ ఇరవై ఏళ్లు దాటినా ఆ ఒక్కటీ చర్చలోనే ఉంది. మన రెజ్యూమెలో కూడా ఇలాంటి లైన్లుంటాయి. ఫ్రెండ్ చేసిన ప్రాజెక్టు కింద మన పేరు, రెండు రోజులు చూసిన కోర్సుకి ‘నైపుణ్యం ఉంది’ అన్న ముక్క. ఇంటర్వ్యూలో సరిగ్గా వేలు పెట్టేది అక్కడే. స్ట్రేహన్‌కి ఆ ఒక్కటి తీసేసినా ఇంకా 140.5 మిగిలాయి. అందుకే అతను నిలబడ్డాడు. మన దగ్గర ఆ లైను తీసేస్తే ఏం మిగులుతుందో ఒక్కసారి చూసుకోవాలి.

టాప్‌లో ఉన్నప్పుడే...

2007 సీజన్ ముందు స్ట్రేహన్ ఆడాలా వద్దా అని ఊగిసలాడాడు. అంతకుముందు ఏడాది కాలికి పెద్ద గాయం. సీజన్ ముందు జరిగే ట్రైనింగ్ క్యాంప్‌కి కూడా వెళ్లలేదు. చివరికి తిరిగొచ్చాడు. ఆ ఏడాది జెయింట్స్ మీద పెద్ద ఆశలు పెట్టుకున్నవాళ్లు తక్కువ. అయినా ప్లే ఆఫ్స్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు బయటి మైదానాల్లో గెలిచి ఫైనల్ చేరింది. 2008 ఫిబ్రవరి 3న సూపర్ బౌల్. ఎదుట న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్. ఆ సీజన్‌లో అప్పటిదాకా ఆడిన 18 మ్యాచ్‌లూ గెలిచిన జట్టు. జెయింట్స్ 17-14తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో టామ్ బ్రేడీని పడేసినవాళ్లలో స్ట్రేహన్ కూడా ఒకడు.

ఆ జూన్‌లోనే రిటైర్ అయ్యాడు. అదే ఏడాది ఫాక్స్ చానల్‌లో ఆదివారం మ్యాచ్‌లకు ముందు వచ్చే ‘ఫాక్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ సండే’ కార్యక్రమంలో విశ్లేషకుడిగా చేరాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ బల్ల దగ్గర అప్పటికే కూర్చున్నది ఎవరు? నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిన క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా. స్ట్రేహన్ ఆడిన స్థానంలోనే తనకంటే ముందు తరంలో ఆడి పేరు తెచ్చుకున్న హోవీ లాంగ్. కోచ్‌గా రెండు సూపర్ బౌల్‌లు గెలిపించిన జిమ్మీ జాన్సన్. నాలుగు నెలల క్రితం దేశమంతా చూసిన స్ట్రేహన్ ట్రోఫీ ఆ బల్ల దగ్గర మామూలు విషయం. పైగా బ్రాడ్‌షా, లాంగ్ 1994 నుంచి ఆ కార్యక్రమంలోనే ఉన్నారు. టీవీలో వాళ్లు సీనియర్లు, ఇతను జూనియర్.

పని కూడా పూర్తిగా వేరు. మైదానంలో డిఫెండర్ బతుకంతా తన ఆలోచనని దాచుకోవడంలోనే ఉంటుంది. లోపలి నుంచి వస్తాడా, బయటి నుంచి తిరిగి వస్తాడా అన్నది ఎదుటివాడికి తెలియకూడదు. స్టూడియోలో సరిగ్గా దానికి ఉల్టా. బుర్రలో ఉన్నదాన్ని, ఆట అసలు తెలియనివాళ్లకి కూడా అర్థమయ్యేలా విప్పి చెప్పాలి. అదీ లెక్క పెట్టి ఇచ్చిన సెకన్లలో. చెవిలో ఇయర్‌పీస్, అందులో ‘ఇంకా పది సెకన్లే’ అంటూ ప్రొడ్యూసర్ గొంతు, ఎదురుగా కెమెరా, పక్కన మాట అందుకోవడానికి సిద్ధంగా ఇంకో ముగ్గురు. ఇవన్నీ ఒకేసారి.

మరి పాత ఉద్యోగం నుంచి ఏం పనికొచ్చింది? కండలు కాదు, వేగం కాదు. వీడియో చూసే అలవాటు. ఈ ఆటలో వారమంతా ఎదుటి జట్టు పాత మ్యాచ్‌ల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తారు. ఎవరు ఎలా నిలబడితే ఏం జరుగుతుందో పట్టుకోవడమే డిఫెండర్ల హోంవర్క్. స్టూడియో విశ్లేషకుడు చేసేది కూడా అదే హోంవర్క్. ముందు తన కోసం చేసుకున్నది, ఇప్పుడు జనం కోసం.

ఈ ఆటలో కెరియర్లు చాలా చిన్నవి. స్ట్రేహన్‌లా పదిహేనేళ్లు ఆడేవాళ్లు అరుదు. ఎక్కువమంది మూడు నాలుగేళ్లలోనే బయటికొచ్చేస్తారు. అందుకే లీగ్ 2007లో ఆటగాళ్ల కోసం ‘బ్రాడ్‌కాస్ట్ బూట్ క్యాంప్’ అని మొదలుపెట్టింది. రిటైరైనవాళ్లే కాదు, ఇంకా ఆడుతున్నవాళ్లు కూడా వచ్చేవారు. మైక్ పట్టుకుని ఇంటర్వ్యూ చేయడం, వీడియో చూస్తూ కామెంటరీ చెప్పడం, స్టూడియోలో కూర్చుని వాదించడం వంటివన్నీ ప్రాక్టీస్ చేయించేవారు. మొదటి ఉద్యోగం నడుస్తుండగానే రెండోదానికి హోంవర్క్ అన్నమాట.

‘ఆయనకేంట్రా...’

ఈ కథ నేను మొదటిసారి చెప్పింది నా రూమ్మేట్‌కి. అప్పుడు నా పరిస్థితేం బాలేదు. ఈసీఈ చదివి, ఓ కంపెనీలో సపోర్ట్ ఉద్యోగంలో చేరాను. నైట్ షిఫ్టులు. ప్రాజెక్టు అయిపోయింది, బెంచ్ మీద కూర్చోబెట్టారు, కొన్నాళ్లకి ఇంటికి పంపించారు. అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ మళ్లీ అప్లికేషన్లు పెట్టడం మొదలుపెట్టా. ఇంట్లో అమ్మ ఫోన్ చేసి ‘ఏం నాన్నా, ఆఫీసుకెళ్లొచ్చావా?’ అంటే ‘ఆ... వెళ్లొచ్చానమ్మా’ అని చెప్పిన రోజులున్నాయి.

ఆ రోజుల్లో ఓ రాత్రి స్ట్రేహన్ వీడియో చూసి, ఎగ్జైట్ అయిపోయి రూమ్మేట్‌ని లేపి మరీ చెప్పా. వాడు దుప్పటి కప్పుకుంటూ ఒకటే మాటన్నాడు. ‘ఆయనకేంట్రా, సూపర్ బౌల్ గెలిచొచ్చాడు. మనం అమీర్‌పేట గెలిచామా? పడుకో.’

వాడన్నదాంట్లో నిజముంది. దాన్ని దాటేసి మోటివేషన్ చెప్పడం మోసం. స్ట్రేహన్‌కి ఫాక్స్ తలుపు తెరుచుకుంది పేరు వల్లే. మనకా పేరు లేదు. కానీ తర్వాతి ఏడాది జరిగినదాన్ని రూమ్మేట్‌కి చెప్పేలోపే వాడు నిద్రపోయాడు. అది మీకు చెప్తా.

13 ఎపిసోడ్లతో సరి

2009 సెప్టెంబరులో అదే ఫాక్స్ చానల్‌లో ‘బ్రదర్స్’ అనే కామెడీ సీరియల్ మొదలైంది. హీరో స్ట్రేహనే. పాత్ర కూడా రిటైరైన ఫుట్‌బాల్ ఆటగాడిదే. పెద్ద చానల్, పేరున్న మనిషి, అతని జీవితానికి దగ్గరగా ఉన్న పాత్ర. పక్కన కార్ల్ వెదర్స్, సి.సి.హెచ్. పౌండర్ లాంటి అనుభవమున్న నటులు. ఇంతకంటే ఏం కావాలి?

13 ఎపిసోడ్లు. డిసెంబరుకల్లా ఆగిపోయింది.

నా రూమ్మేట్ లెక్క ప్రకారం పేరుంటే చాలు కదా. మరి ఇక్కడ పేరు ఎందుకు కాపాడలేదు? ఎందుకంటే పేరు అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. నటన అనేది ఇంకో వృత్తి. ఏళ్ల తరబడి దాన్ని నేర్చుకున్నవాళ్లున్న చోట, నేరుగా హీరో కుర్చీలో కూర్చోవడం ఎవరికైనా కష్టమే. ఫాక్స్ స్టూడియోలో అతనికి కనీసం ఆట తెలుసు. అక్కడ అదీ లేదు. రిఫరెన్స్ మీద ఉద్యోగం సంపాదించి, ప్రొబేషన్‌లోనే ఆగిపోయినవాళ్లు మీ సర్కిల్లోనూ ఉంటారు. తలుపు తెరుచుకోవడం వేరు, లోపల కుర్చీ దక్కడం వేరు.

పది నెలల ట్రయల్

2011 నవంబరులో న్యూయార్క్ నుంచి వచ్చే పాపులర్ మార్నింగ్ షోకి సీనియర్ యాంకర్ రీజిస్ ఫిల్బిన్ వీడ్కోలు చెప్పారు. కెల్లీ రిపా పక్కన కుర్చీ ఖాళీ అయ్యింది. వెంటనే ఎవర్నీ పెట్టలేదు. దాదాపు పది నెలలపాటు రకరకాల సెలెబ్రిటీలను గెస్ట్ యాంకర్లుగా పిలిచి చూశారు. నటులు, గాయకులు, టీవీ మనుషులు... డజన్ల కొద్దీ. వాళ్లలో మాజీ డిఫెన్సివ్ ఎండ్ కూడా ఒకడు. ఒకసారి పిలిచారు. బాగుందని మళ్లీ పిలిచారు. మళ్లీ మళ్లీ పిలిచారు. 2012 సెప్టెంబరు 4న ఆ కుర్చీ అతనిదని ప్రకటించారు.

ఈ షోలో అతని ఫుట్‌బాల్ పరిజ్ఞానం పావలాకి కూడా పనికిరాదు. అక్కడ మాట్లాడాల్సింది వంటల గురించి, సినిమాల గురించి, పిల్లల అల్లరి గురించి. వచ్చిన అతిథిని మాట్లాడించాలి, పక్కనున్న కెల్లీ వేసిన జోకుని అందుకోవాలి, ఎక్కడ ఆగాలో తెలియాలి. ఎదుటివాళ్లని గమనించడం, వాళ్లు మాట్లాడేటప్పుడు అడ్డు రాకపోవడం, ముందే హోంవర్క్ చేసుకుని రావడం. గెస్ట్‌గా వెళ్లిన ప్రతిసారీ అతను రాసింది ఒక ఇంటర్వ్యూనే. తేడా ఏంటంటే, పేరు చెప్పి హీరో కుర్చీ అడగలేదు. ఒక్కో రోజు పని చేసి చూపించాడు. ‘బ్రదర్స్’కీ దీనికీ ఉన్న తేడా అదే.

ఇంకో సంగతి. ఫాక్స్ ఉద్యోగం కూడా వదల్లేదు. సీజన్‌లో వారమంతా న్యూయార్క్‌లో మార్నింగ్ షో, ఆదివారం అమెరికా ఆ చివరనున్న లాస్ ఏంజెలెస్‌లో ఫుట్‌బాల్ షో. ప్రతి వారం విమానంలో అటూ ఇటూ.

స్ట్రేహన్ ముందు పళ్ల మధ్య పెద్ద సందు ఉంటుంది. టీవీలో కనిపించేవాళ్లు మొదట సరిచేయించుకునేది అలాంటివే. అతను చేయించుకోలేదు. 2021లో డెంటిస్ట్ దగ్గర ఆ సందు మూయించేసుకున్నట్టు వీడియో పెట్టాడు. అభిమానులు గగ్గోలు పెట్టారు. ఏప్రిల్ 1న తెలిసింది, ఫూల్ చేశాడని! ఇంగ్లిష్‌లో మన తెలుగు యాస వినిపిస్తుందేమోనని ఇంటర్వ్యూలో నోరు విప్పని వాళ్లు ఈ సందుని గుర్తుపెట్టుకోండి. మాట అర్థం కాకపోతే సరిచేసుకోవాలి, నిజమే. అర్థమవుతుంటే యాస ఉన్నా పర్లేదు.

మానేసే పద్ధతి కూడా ముఖ్యమే

ఈ కథలో అన్నీ మెచ్చుకునేవే లేవు. 2016 ఏప్రిల్‌లో స్ట్రేహన్ ఆ షో వదిలి, ఏబీసీ నెట్‌వర్క్‌లోని ‘గుడ్ మార్నింగ్ అమెరికా’కి పూర్తికాలం వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఇన్నేళ్లు పక్కన కూర్చున్న కెల్లీ రిపాకి ఆ విషయం ప్రకటనకి కాస్త ముందు మాత్రమే తెలిసింది. ఆమె కొన్ని రోజులు షోకే రాలేదు. తిరిగొచ్చిన రోజు పనిచేసే చోట గౌరవం, ముందుగా చెప్పడం ఎంత అవసరమో కెమెరా ముందే మాట్లాడింది. తప్పు మనిషిదా, మేనేజ్‌మెంట్‌దా అన్నది మనకి అనవసరం. బయటికి వచ్చే పద్ధతి సరిగ్గా లేకపోతే, నాలుగేళ్ల మంచి పని పక్కన ఆ ఒక్క వారం కూడా నిలబడిపోతుంది.

మనలో చాలామంది ఆఫర్ లెటర్ రాగానే చేసే పని ఏంటి? ఫోన్ స్విచాఫ్. నోటీస్ పీరియడ్ ఎగ్గొట్టడం. పక్క డెస్క్‌లో కూర్చున్నవాడికి కూడా చెప్పకపోవడం. ఇండస్ట్రీ మనం అనుకున్నంత పెద్దదేం కాదు. ఇవాళ చెప్పకుండా వదిలేసిన టీమ్ లీడ్, రేపు ఇంకో కంపెనీలో మీ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుని ఉండొచ్చు.

స్ట్రేహన్ తర్వాతి ప్రయాణం తెలిసిందే. 2014లో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, ‘గుడ్ మార్నింగ్ అమెరికా’ యాంకర్, 2016 నుంచి ఓ గేమ్ షోకి హోస్ట్. 2021 డిసెంబరు 11న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చాడు కూడా.

మనం చేయగలిగినవి

నా సంగతి చెప్పాలి కదా. ఆ హాస్టల్ రోజుల్లోనే ఫోన్ల గురించి, యాప్‌ల గురించి తెలుగులో బ్లాగు రాయడం మొదలుపెట్టా. సపోర్ట్ ఉద్యోగంలో నేను అసహ్యించుకున్న పని ఒకటుంది. కోపంగా ఉన్న కస్టమర్‌కి సమస్యని మామూలు మాటల్లో చెప్పడం. బ్లాగుకి పనికొచ్చింది సరిగ్గా అదే. డిగ్రీలో నేర్చుకున్న సర్క్యూట్లు కాదు. ఇవాళ నా సంపాదన ఆ రాతల మీదే. అమ్మకి నిజం చెప్పగలిగిన రోజు మాత్రం బ్లాగు మొదలుపెట్టిన చాలా నెలలకి వచ్చింది. ఇది కూడా చెప్పాలి. తొందరగా అయ్యే పని కాదు.

అందుకే ఈ వారం మీరు చేయగలిగిన నాలుగు పనులు రాస్తున్నా.

1. క్రియల లిస్టు రాయండి. ‘నాకు జావా వచ్చు, ఎక్సెల్ వచ్చు’ కాదు. కాలేజీలో, పార్ట్ టైమ్‌లో, ఇంట్లో మీరు నిజంగా చేసినవి రాయండి. వివరించాను, లెక్కలు చూశాను, పదిమందిని ఒక చోట చేర్చాను, తప్పు ఎక్కడుందో వెతికాను. స్ట్రేహన్ దగ్గర ‘శాక్’ అనే నామవాచకం టీవీకి పనికిరాలేదు. ‘చూసి పట్టుకున్నాను’ అనే క్రియ పనికొచ్చింది.

2. ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకి మీ జవాబు. మ్యాచ్ వీడియో చూసినట్టు మూడుసార్లు చూడండి. మొదటిసారి సౌండ్ లేకుండా, రెండోసారి బొమ్మ లేకుండా, మూడోసారి రెండూ కలిపి. మొదటి రోజు చూడలేరు, సిగ్గేస్తుంది. నాకూ వేసింది.

3. ట్రయల్ అడగండి, కుర్చీ కాదు. చిన్న ఫ్రీలాన్స్ పని, రెండు వారాల ఇంటర్న్‌షిప్, ఓపెన్ సోర్స్‌లో ఓ చిన్న బగ్, ఊళ్లో షాపు వాళ్లకి బిల్లింగ్ షీటు. ‘ఒకసారి చేసి చూపిస్తాను సార్’ అన్న మాటకి పేరుతో పనిలేదు. మనలాంటివాళ్లకి తెరుచుకునే తలుపు అదే. మళ్లీ పిలిచారా లేదా అన్నదే మీ మార్కు.

4. రెజ్యూమె ప్రింటు తీసి, ఎవరైనా గట్టిగా అడిగితే తడబడే లైన్లన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. మిగిలినదాన్ని చూసి భయపడకండి. మీ అసలు స్కోరు అది. ఒకటి, నాలుగున్నర, ఏడున్నర, ఐదు... మొదటి నాలుగేళ్లు స్ట్రేహన్ అంకెలు కూడా అంత చిన్నవే.

నా రూమ్మేట్ సంగతంటారా? ఆ మధ్య ఫోన్ చేశాడు. ఉద్యోగం మారాలనుకుంటున్నాడట. ‘ఒరేయ్, ఆ ఫుట్‌బాల్ ఆయన కథ మధ్యలో ఆపేశావు, తర్వాత ఏమైందిరా?’ అన్నాడు. వాడికి చెప్పినదే మీకూ చెప్పాను. ఇక ఫోన్ తీయండి. కెమెరా మీ వైపు తిప్పండి. రెండు నిమిషాలు.